టేకు పలకలు, టీచరమ్మ గిన్నె

మా చర్చికి ఏసీ పెడతారట. అందుకోసం ఇప్పుడున్న కప్పు కింద ఇంకో కప్పు, అదే ఫాల్స్ సీలింగు, బిగించాలట. పోయిన నెల ఆరాధన అయ్యాక కమిటీ కుర్రాడొకడు ఈ కబురు చెప్పి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమన్నాడు. ఎవరూ చెప్పరనే ధైర్యంతో అడిగిన అడగడం అది. నేను చెయ్యెత్తాను. ఆడవాళ్ల బెంచీల పైన కప్పులో ఒక మూల, తలుపు రెక్కంత మేర, మూయకుండా వదిలెయ్యమన్నాను.

"ఏముండాదమ్మా ఆడ? మీవాళ్ల పేరేమన్నా చెక్కించినారా?" అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు గానీ కళ్లు మాత్రం నన్ను తూకం వేస్తున్నాయి. నాకు కోపం రాలేదు. ఆ చూపు నాకు కొత్త కాదు. అలాంటి చూపు కిందే నేను పెరిగాను.

అనుమానం ముందు పుట్టి, ఆ తర్వాత మా అవ్వ పుట్టిందని మా మిషన్ కాంపౌండులో అందరూ అనుకునేవాళ్లు. పాలవాడు చెంబులో పోసిన పాలను ఆమె బొటనవేలి గోరు మీద ఒక చుక్క వేసుకుని, అది జారుతుందా నిలుస్తుందా అని చూసేది. బ్రూస్‌పేట బజారులో వంకాయలు కొంటే ఒకటి అక్కడే చీల్చి, పురుగు లేదని తేలాకే మిగతావి సంచిలో వేయించుకునేది. పాస్టరు అయ్యగారు ప్రసంగం తొందరగా ముగిస్తే ఇంట్లో కోడి కోశారని, సాగదీస్తే ఊరి నుంచి పెద్దలెవరో వచ్చి వింటున్నారని తేల్చేసేది. చాలాసార్లు ఆమె అన్నదే నిజమయ్యేది. అదే ఆమెను చెడగొట్టింది.

మా పాత చర్చి దొరల కాలంలో కట్టింది. మూరెడు మందం రాతి గోడలు, పైన మంగళూరు పెంకులు, వాటి కింద నల్లబడిన దూలాలు. లోపల అడుగుపెడితే గబ్బిలాల వాసన, ఈతచాపల వాసన, దీపం నూనె వాసన కలిసి కొట్టేవి. ఎండాకాలం కూడా నేల చల్లగా ఉండేది. చాపల మీద ఎడమపక్క ఆడవాళ్లు, కుడిపక్క మగవాళ్లు. ప్రార్థన బల్ల వెనక గోడకు రెండు పెద్ద టేకు పలకలు, వాటి మీద పది ఆజ్ఞలు. అక్షరాలను ఉలితో లోతుగా చెక్కి, ఆ గాడుల్లో తెల్లరంగు నింపారు. తెలుగు అక్షరాలు.

మా అవ్వ బడి మొహం చూడలేదు. పెళ్లై కొత్తగా వచ్చినప్పుడు, ప్రసంగం సాగినంతసేపూ ఆ పలకల వైపు చూస్తూ, మా తాత నోటివెంట విన్న ఆజ్ఞలను ఆ గీతలతో జత చేసుకుంటూ, అక్షరాలు పట్టుకుంది. అలా నేర్చుకున్న చదువుతోనే పాటల పుస్తకం, పంచాంగం, కిరాణా పొట్లం కాగితం అన్నీ చదివేది. చర్చి ఖాళీగా ఉన్నప్పుడు నన్ను తీసుకుపోయి, నా వేలు పట్టి ఆ గాడుల్లో దిద్దించేది. గాడిలో వేలు పెడితే లోపల రంగు నున్నగా తగిలేది.

ఇంతలో వర్షాకాలంలో ఒక గోడ పగిలింది. దూలాలను చెద తినేసింది. మరమ్మతు కంటే కొత్తది కట్టడమే మేలని పెద్దలు తీర్మానించారు. బెంగళూరు నుంచి కుర్ర ఇంజనీరొకాయన నీలం కాగితాలు చంకన పెట్టుకుని దిగాడు. ఆయన గీసిన చర్చి విసనకర్ర ఆకారంలో ఉంది. నడుమ ఒక్క స్తంభం లేదు. పెంకులు లేవు, పైనంతా మడతలు మడతలుగా సిమెంటు కప్పు. కిటికీల బదులు గోడనిండా శిలువ ఆకారపు చిల్లులు. గంటకు గోపురం లేదు, బయట నాలుగు కాళ్ల మీద నిలబెడతారట. బల్ల వెనక గోడకు, కప్పుకు మధ్య సందు వదిలి, ఆ సందులోంచి వెలుగు జారేటట్టు చేస్తారట. ఆ గోడ మీద ఒక్క శిలువ తప్ప ఇంకేమీ ఉండకూడదట.

"ఇది చర్చేందప్పా, పత్తి జిన్ను మిల్లు మాదిరి ఉండాది," అంది అవ్వ.

"సినిమా హాలు వదినా. టికెట్లు యాడ ఇస్తారో చూడాల," అన్నాడు చిన్నతాత. ఆయన మా తాత తమ్ముడు, సంఘ పెద్ద. కప్పగల్లులో ఉండేవాడు. ప్రతి ఆదివారం సైకిల్ మీద వచ్చి మా ఇంట్లో బొరుగుల ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ తిని పోయేవాడు. అనుమానంలో అవ్వకు ఆయనే సరిజోడు.

వాళ్లిద్దరి కళ్లూ మాత్రం వేరేచోట ఆగాయి. ఒక్క శిలువ తప్ప ఇంకేమీ ఉండదంటే, మరి తెలుగు పలకలు?

అప్పటి సంగతి ఇప్పటివాళ్లకు చెప్పాలి. మా జిల్లా మైసూరు రాష్ట్రంలోకి పోయి ఎంతో కాలం కాలేదు. ఆఫీసుల ముందు, బస్సుల నొసట, బడి గోడల మీద బోర్డులు ఒక్కొక్కటే కన్నడంలోకి మారుతున్నాయి. మా చర్చిలో పొద్దున తెలుగు ఆరాధన, సాయంత్రం కన్నడ ఆరాధన జరిగేవి. ఒకే బావి నీళ్లు, ఒకే గంట. అయినా ఎవరి లెక్క వాళ్లకుండేది. కొత్త చర్చి వంకతో మనల్ని మెల్లగా బయటికి తోస్తారని తెలుగువాళ్లలో గుసగుస మొదలైంది.

ఇంజనీరు మీద కూడా గుసగుసే. ఆయన ప్రార్థనలో కళ్లు మూసుకోడని నేనే ఇంట్లో చెప్పాను. తల పైకెత్తి కప్పు వైపు, గోడల వైపు చూస్తుంటాడని చెప్పాను.

"నువ్వెట్ల చూస్తివే?" అని అవ్వ నా నెత్తిన మొట్టింది. మొట్టాక అడిగింది, "ఇంకేం చేస్తాండె?"

పాతది విప్పేటప్పుడు పలకలను దింపి, మేస్త్రీల సామాను కొట్టంలో పెడితే పాడవుతాయని, చర్చికి ఆనుకుని ఉన్న టీచరమ్మ ఇంటి వసారాలో నిలబెట్టారు. టీచరమ్మ మా పక్కిల్లే. కన్నడ ఆవిడ, ఒంటరి మనిషి, మిషన్ బడిలో పాఠాలు చెప్పేది. అవ్వను అక్కా అనేది, నన్ను ముద్దుగా పుట్టీ అనేది. ఆవిడకూ మా అవ్వకూ మధ్య ఒక కంచు గిన్నె తిరుగుతుండేది. గిన్నె టీచరమ్మది. అందులో ఎణ్ణెగాయి వంకాయ వస్తే, తిరిగి పోయేటప్పుడు మా ఇంటి ఊరుబిండి పచ్చడి పోయేది. గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వడమంటే ఆ ఇంటికి లేమి కోరినట్టని ఇద్దరికీ పట్టింపు. అందుకే అది ఏ ఇంట్లోనూ స్థిరంగా ఉండేది కాదు.

సరిగ్గా ఆ గిన్నె మా ఇంట్లో ఉన్నప్పుడే పలకలు పోయాయి.

పొద్దున లేచి చూస్తే వసారా ఖాళీ. టీచరమ్మ బడికి పోయే తొందరలో గమనించనే లేదంది. ఆ మాట అవ్వకు గొంతు దిగలేదు. తలుపు తీస్తే ఎదురుగా ఉండే నిలువెత్తు పలకలు పోతే గమనించరా? అంతలో గోడ అవతల టీచరమ్మ నీళ్లకాగు కింద మంట వేసింది. పొగ మా పెరట్లోకి వచ్చింది. అవ్వ ముక్కు ఎగబీల్చి నిలబడిపోయింది.

"పాపా, ఇది టేకు కాలే వాసన."

నాకు పొగ వాసనే తప్ప ఇంకేం తెలియలేదు. సాయంత్రం నన్ను పిలిచి, గిన్నెలు తోముకోవడానికి బూడిద కావాలని అడిగి తెమ్మని టీచరమ్మ దగ్గరికి పంపింది. మా ఇంట్లో బూడిద లేకనా! టీచరమ్మ చాటెడు బూడిద ఎత్తి ఇచ్చి, పైగా చేతిలో బెల్లం ముక్క పెట్టింది. ఆ బూడిదను అవ్వ పిండి జల్లెడతో జల్లించింది. తెల్లరంగు పెచ్చు ఒక్కటైనా దొరుకుతుందని ఆశ. రంగు దొరకలేదు, మేకు దొరికింది. నల్లగా, వంకర తిరిగిన మేకు.

"చూడు, ఇంకేం కావాల?" అంది. ఆ మేకును కొంగున ముడేసుకుంది. నేను బెల్లం నములుతూ తలూపాను. నాకు ఆ వయసులో మేకు చాలా పెద్ద సాక్ష్యంలాగే కనపడింది.

గిన్నె మాత్రం అవ్వకు చిక్కొచ్చి పడింది. ఖాళీగా ఇవ్వకూడదు, నింపి ఇవ్వడానికి మనసు రాదు. అలమర పై అరలో బోర్లించి పెట్టింది.

కట్టడం సాగుతున్నన్నాళ్లూ ఆరాధన బడి హాల్లో జరిగేది. ఆ ఆదివారం తెలుగు ఆరాధన ముగిసి, జనం ఇంకా లేవకముందే అవ్వ నిలబడి కొంగు ముడి విప్పింది. మేకు పైకెత్తి చూపించింది.

"మన పలకలు యాడికి పోయినాయని అందరూ అడుగుతాండారు కదా. టీచరమ్మ నీళ్లకాగు కిందికి పోయినాయి. దేవుని మాటలు కాల్చి స్నానం చేసినారు."

టీచరమ్మ తలుపు దగ్గరే ఉంది, పిల్లల సండే స్కూలు కోసం వచ్చింది. ఆమె మొహం తెల్లబోయింది. "యాకక్కా, హింగ మాతాడ్తీ?" అంది. ఎందుకక్కా ఇలా మాట్లాడతావని. విరిగిన బడి బెంచీ కాల్చుకున్నానని, హెడ్మాస్టరును అడిగే తెచ్చుకున్నానని చెప్పింది.

"దొంగ నేనే దొంగనని చెప్తాడా!" అంది అవ్వ.

ఆ మాటకు చిన్నతాత ఎందుకో దగ్గి, భుజం మీద తుండు సర్దుకున్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే సామెత నాకప్పటికి తెలుసు గానీ, అది మా చిన్నతాత భుజం అయ్యేసరికి పట్టించుకోలేదు.

ఆ రోజు నుంచి రెండిళ్ల మధ్య మాటల్లేవు. బావి దగ్గర ఒకరు తోడుతుంటే ఇంకొకరు రారు. నన్ను పుట్టీ అని పిలిచేవాళ్లు లేరు. మా పెరటి గోడ అదే ఎత్తులో ఉన్నా, నాకెందుకో ఎత్తు పెరిగినట్టు ఉండేది. టీచరమ్మ తన ఊరికి బదిలీ అడుగుతోందని ఎవరో చెప్పారు. అవ్వ ఆ మాట విని, "పోనీ," అంది గానీ, ఆ రోజు చారులో ఉప్పు వెయ్యడం మర్చిపోయింది.

స్లాబు వేసే రోజు వచ్చింది. స్తంభాల్లేని అంత పెద్ద కప్పు ఒకేసారి ఆపకుండా పొయ్యాలన్నాడు ఇంజనీరు. కూలీలు చాలరని సంఘమంతా దిగింది. తెలుగు, కన్నడ, ఆడ, మగ అందరూ వరసగా నిలబడి, కంకర కలిపిన చోటు నుంచి పైదాకా సిమెంటు నింపిన బాండ్లీలు చేతులు మార్చుకుంటూ అందించారు. తడి సిమెంటు వాసన, చెమట వాసన, మధ్యమధ్య బెల్లం నీళ్లు. వరస ఎలా కుదిరిందో గానీ అవ్వ పక్కన టీచరమ్మ వచ్చి పడింది. అవ్వ బాండ్లీ అందుకుని, టీచరమ్మ చేతికివ్వకుండా కింద పెట్టేది. టీచరమ్మ వంగి ఎత్తుకునేది. పొద్దంతా అలాగే. ఒకరు దించడం, ఒకరు ఎత్తడం. సాయంత్రానికి టీచరమ్మ నడుం పట్టుకుని పైకి లేవలేకపోయింది. అవ్వ చూసీ చూడనట్టు ఉండిపోయింది. నాకు మా అవ్వ మీద మొదటిసారి కోపం వచ్చింది ఆ రోజే.

తర్వాత సిమెంటు గట్టిపడాలని కప్పు మడతల్లో మట్టి గట్లు కట్టి నీళ్లు నిలిపారు. సిరిగేరి వరిమడులు చర్చి నెత్తికెక్కినట్టు ఉండేవి. పిల్లలం నిచ్చెన ఎక్కి కాగితం పడవలు వదిలేవాళ్లం. మేస్త్రీ అరిచేవాడు.

కప్పు ఆరాక, కింద ఆనించిన సెంట్రింగ్ చెక్కలు, వాసాలు విప్పారు. లోపలంతా దుమ్ము, పచ్చి సిమెంటు వాసన. స్తంభం లేని ఆ కప్పు నిలబడుతుందా కూలుతుందా అని సగం మంది గుమ్మం బయటే నిలబడ్డారు. అయ్యగారు అందర్నీ లోపలికి పిలిచి, కృతజ్ఞతా ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ కళ్లు మూసుకున్నారు, ఇద్దరు తప్ప. నేను పైకి చూస్తున్నాను, ఇంజనీరూ పైకే చూస్తున్నాడు. ఆడవాళ్ల వైపు కప్పులో ఒక చోట సిమెంటు నున్నగా లేదు. ఉబ్బెత్తుగా గీతలు, సున్నాలు, కొక్కేలు.

ఆయన మొహం ముడుచుకుని నా వైపు వంగి, "ఏమది?" అన్నాడు గుసగుసగా.

"తెలుగు సార్. ఎడమది కుడికి పోయింది," అన్నాను. నా గొంతు గుసగుస కాలేదు. ప్రార్థన మధ్యలో ఆగిపోయింది.

అందరి తలలూ లేచాయి. చెక్కిన గాడుల్లో సిమెంటు దిగి, అక్షరాలు అచ్చుపోసినట్టు పైకి లేచి ఉన్నాయి. అచ్చులో బొమ్మ తిరగబడినట్టు తిరగబడి ఉన్నాయి. ఎవరికీ చదవడం రాలేదు. నేను ఇంటికి పరిగెత్తి, గోడకు వేలాడే చిన్న అద్దం తెచ్చి అవ్వ చేతిలో పెట్టాను. ఆమె అద్దాన్ని పొట్ట దగ్గర పట్టుకుని, అటూఇటూ వంచి, కప్పు అందులో పడేలా చేసుకుంది. అలవాటు ప్రకారం పైకి చదవడం మొదలుపెట్టింది. "పొరుగువాని మీద" దాకా వచ్చి ఆగిపోయింది.

"చదువమ్మా," అన్నారు అయ్యగారు.

చదవలేదు. తనకు కంఠతా వచ్చిన ఆజ్ఞే. పొరుగువాళ్ల మీద లేనిపోని సాక్ష్యం చెప్పగూడదనేది. టీచరమ్మ వెనక వరసలో ఉంది. అవ్వ నడుచుకుంటూ పోయి, అద్దాన్ని ఆమె ముందు చాచింది. కింద పెట్టలేదు. చేతికిచ్చింది. టీచరమ్మ అందుకుంది. అందులో చూసి, కొంగుతో అద్దం తుడిచింది. అది మురికిగా ఏమీ లేదు.

సెంట్రింగ్ మేస్త్రీని పిలిచి అడిగారు. ఆయన కౌల్‌బజారు సాయిబు, తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. "తఖ్తాలు కమ్ పడినాయమ్మా, చెక్కలు చాల్లేదు. మా కొట్టంలోనే గోడకు మొహం పెట్టి రెండుండె. పాతవనుకుని నూనె పూసి ఏసినా. ఒకటి పగిలిపాయె. ఇంకోటి ఇది, రెండు ముక్కలు కోసినా," అన్నాడు.

"కొట్టంలోకి ఎవరు తెచ్చినారు?" అన్నారు అయ్యగారు.

చిన్నతాత తుండు తీసి మొహం తుడుచుకున్నాడు. "నేనే. వసారాలో ఉంటే కన్నడోళ్లు మాయం చేస్తారని భయమాయె. పొద్దు గుంకినాక మోసుకొచ్చి, ఎవరూ గుర్తుపట్టకుండా మొహాలు గోడకు పెట్టినా. బండి కట్టుకుని కప్పగల్లుకు తీసుకుపోదామనుకున్నా. ఎద్దుకు జబ్బు చేసె. బండి తెచ్చేసరికి అవి లేవు. వీళ్లే కనిపెట్టి మళ్లీ ఎత్తుకుపోయినారనుకున్నా వదినా, నిజంగా!"

"మరి నేను ఆమెను అందరి ముందర అంటాంటే నోట్లో ఏం పెట్టుకుని ఉంటివప్పా?" అంది అవ్వ. మాకు మేమే దాచి, మాకు మేమే పోగొట్టుకుని, మాకు మేమే పైకెత్తి సిమెంటు పోసుకున్నాం. అవ్వ చేతులమీదుగా పోయిన బాండ్లీలు కూడా ఆ పలక మీదే పడి ఉంటాయి.

ఇంజనీరు ఆ మచ్చను గీకించి పూత పూయిస్తానన్నాడు. కప్పు అందం చెడుతుందట.

"గీకితే ఊరుకోను. గోడ మీద వద్దంటివి, నెత్తిమీదికొచ్చె. ఉండనీ," అంది అవ్వ. టీచరమ్మ కూడా, "ఇరలి బిడ్రీ," అంది. ఉండనివ్వండి అని. ఇద్దరూ ఒక పక్కకు చేరాక ఆయన చేసేదేముంది?

ఆ సాయంత్రం అవ్వ అలసంద వడలు చేసింది. అలమర పై అర నుంచి గిన్నె దించి, చింతపండుతో తళతళా తోమి, వడలు నింపి, నన్ను పంపకుండా తనే తీసుకుపోయింది. నేను గోడ మీంచి తొంగి చూశాను. ఇద్దరూ వసారాలో కూర్చుని ఉన్నారు. అవ్వ ఏదో చెప్పి ఏడుస్తోంది. టీచరమ్మ వడ తుంచి ఆమె నోట్లో పెడుతోంది.

కొత్త చర్చి తెరిచాక పొద్దున తెలుగు, సాయంత్రం కన్నడ అలాగే సాగాయి. గోడ సందులోంచి వెలుగు ఇంజనీరు చెప్పినట్టే జారింది. ప్రార్థనలో ఆయన చూసేది ఆ వెలుగు దారే అని అప్పుడు తెలిసింది. ఆడవాళ్లంతా కొన్నాళ్లు కొంగుల్లో చిన్న అద్దాలు దాచుకుని వచ్చి, ప్రసంగం మధ్యలో కప్పును చదువుకునేవాళ్లు. అయ్యగారి మొహం మీద వెలుగు మరకలు ఎగిరేవి. అవ్వ సరిగ్గా ఆ అక్షరాల కిందే కూర్చునేది. అయినా పుట్టుకతో వచ్చిన బుద్ధి పోతుందా? ఇన్ని ఆజ్ఞలుండగా, ఇంత కప్పుండగా, అదే ముక్క తన నెత్తిన ఎవరు పెట్టించారని చివరిదాకా అనుమానించింది. మేస్త్రీని కూడా వదల్లేదు.

టీచరమ్మ రిటైరై ధారవాడలో అక్క దగ్గరికి పోయే రోజున గిన్నె మా ఇంట్లో ఉంది. అవ్వ దాన్ని లడ్లతో నింపి స్టేషనుకు తీసుకుపోయింది. టీచరమ్మ లడ్లు కొంగున పోసుకుని, గిన్నె వెనక్కిచ్చింది. "ఖాళీగా ఇస్తాండా చూడక్కా. మళ్లీ నేనొచ్చి నింపల్లని," అంది. రాలేదు. ఉత్తరం వచ్చింది, ఆమె పోయిందని. అవ్వ ఆ గిన్నెలో తర్వాత ఎప్పుడూ ఏమీ వండి పెట్టలేదు. ఇప్పుడది నా దగ్గరుంది. అవ్వ అద్దం అందులోనే ఉంటుంది.

పోయిన ఆదివారం ఆ అద్దం సంచిలో వేసుకుని పోయాను. కమిటీ కుర్రాణ్ని పిలిచి, ఆ మూల కింద నిలబెట్టి, చేతికిచ్చాను. వాడు అద్దాన్ని అటూఇటూ తిప్పి, కప్పును పట్టుకుని, పెదాలు కదుపుతూ చదివాడు. చదివాక నా వైపు అదోలా చూశాడు.

"ఇది ఎవరి కోసం పెట్టించినారమ్మా?" అన్నాడు.

మా అవ్వ గొంతే విన్నట్టయింది నాకు. ఆ బెంచీ మీదే కూలబడి, కళ్లు తుడుచుకుంటూ నవ్వాను.